‘మీది మేనరికమా?’ డాక్టర్లు ఆ మాట ఎందుకు అడుగుతారు? ఆర్చిబాల్డ్ గారోడ్ పనిలో దొరికే జవాబు

బిడ్డకు చెవులు వినపడకపోయినా, ఎదుగుదల ఆగిపోయినా, కారణం అంతుపట్టని మూర్ఛలు వస్తున్నా తెలుగు రాష్ట్రాల్లో పిల్లల డాక్టరు తొలుత అడిగే ప్రశ్నల్లో ఒకటి ఉంటుంది: ‘‘మీది మేనరికమా?’’ ఆ మాట వినగానే తప్పంతా తనదే అన్నట్టు తలవంచుకునే తల్లులున్నారు. ‘‘మా ఇంట్లో మూడు తరాలుగా ఇచ్చిపుచ్చుకుంటున్నాం, ఎవరికేమైంది?’’ అని ఎదురు ప్రశ్న వేసే పెద్దలూ ఉన్నారు. ఈ ఇద్దరికీ లెక్క తెలియదు. ఆ లెక్క తెలిస్తే ఆమె కుమిలిపోవాల్సిన పనీ ఉండదు, పెద్దల ధీమాకు ఆధారమూ మిగలదు.

భార్యాభర్తల మధ్య రక్తసంబంధాన్ని జబ్బుకు ఆధారంగా చదవవచ్చని వైద్యశాస్త్రం స్పష్టంగా నేర్చుకుంది 1901–02లో, లండన్‌లో, ఒక అరుదైన జబ్బు దగ్గర. ఆ పని చేసినవాడు ఆర్చిబాల్డ్ గారోడ్.

పసిపిల్లల వార్డు నుంచి ప్రయోగశాలకు

గారోడ్ 1857లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఆల్ఫ్రెడ్ గారోడ్ కూడా పేరున్న వైద్యుడే. గౌట్ అనే కీళ్ల జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో యూరిక్ ఆమ్లం పేరుకుంటుందని చూపించింది ఆయనే. శరీరంలోని రసాయనాలను చూసి జబ్బును అర్థం చేసుకోవాలన్న ఆలోచన కొడుక్కి ఇంట్లోనే అబ్బి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో, సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చదువు ముగించుకుని 1892లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లోని పిల్లల ఆసుపత్రిలో చేరాడు. పిల్లల వైద్యం అప్పటికింకా పూర్తిగా వేరుపడిన శాఖ కాదు. పెద్దలకు వైద్యం చేసేవాళ్లే పిల్లలనూ చూసేవారు. గారోడ్ మాత్రం ఆ పనిని గట్టిగా పట్టుకున్నాడు. పిల్లల్లో వచ్చే కీళ్లవాతం మీద పనిచేశాడు. 1913లో మరో ఇద్దరితో కలిసి పిల్లల జబ్బుల మీద ఒక పెద్ద పాఠ్యగ్రంథానికి సంపాదకత్వం వహించాడు.

ఆయనకు ఇంకొక ఇష్టం కూడా ఉండేది: మూత్రం రంగులు. మూత్రానికి ఏ రంగు ఏ పదార్థం వల్ల వస్తుందో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి శ్రమించాడు. మిగతావాళ్లకు చిన్నదిగా కనిపించిన ఆ ఇష్టమే ఆయన్ని ఆల్కాప్టోన్యూరియా దగ్గరికి తీసుకెళ్లింది.

నల్లబడే పొత్తిగుడ్డలు

ఆల్కాప్టోన్యూరియా ఉన్న బిడ్డ మూత్రం విసర్జించినప్పుడు మామూలుగానే ఉంటుంది. గాలి తగిలి కాసేపు నిలవ ఉంటే గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. క్షారం కలిస్తే ఇంకా త్వరగా నల్లబడుతుంది. అందుకే తల్లికి మొదట కనిపించేది పొత్తిగుడ్డల మీద మరక. ఎంత ఉతికినా పోదు.

ఆ నల్లటి పదార్థానికి మూలం హోమోజెంటిసిక్ ఆమ్లం అని 1891 నాటికే తేలింది. అది మనం తినే మాంసకృత్తుల్లోని టైరోసిన్ అనే ఎమైనో ఆమ్లం నుంచి వస్తుంది. అది అక్కడ ఎందుకు పేరుకుంటోందన్నదే తేలలేదు. పేగుల్లో చేరిన ఏవో సూక్ష్మజీవులు టైరోసిన్‌ను ఇలా మార్చేస్తున్నాయని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అది తెలివితక్కువ ఊహేం కాదు. పాశ్చర్, కోక్‌ల తర్వాతి కాలం అది. ఒక్కొక్క జబ్బుకూ ఒక్కొక్క క్రిమి బయటపడుతున్న రోజులు.

గారోడ్ చూస్తున్న పిల్లల్లో థామస్ అనే పసివాడు ఒకడు. 1901లో అతని తల్లి మళ్లీ గర్భవతి అయింది. గారోడ్‌కు అది దేవుడిచ్చిన అవకాశం లాంటిది. పుట్టబోయే బిడ్డ పొత్తిగుడ్డలను మొదటి గంట నుంచీ జాగ్రత్తగా గమనించమని నర్సుకు చెప్పి ఉంచాడు. మార్చి 1న బిడ్డ పుట్టింది. మొదట్లో గుడ్డలు శుభ్రంగానే ఉన్నాయి. మూడోరోజు వచ్చేసరికి ఆ గుర్తుపట్టదగ్గ మరక కనిపించింది. పేగుల్లో ఎక్కడినుంచో క్రిములు చేరి, పెరిగి, అంత మార్పు తేవడానికి ఆ వ్యవధి చాలదని గారోడ్‌కు అనిపించింది. ఈ స్థితి బిడ్డతోపాటే పుట్టింది.

ఒక నర్సు గుడ్డలు మార్చిన వేళలు రాసిపెట్టడం వల్ల ఒక సిద్ధాంతం పడిపోయింది. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఆపేది ఇదే.

రక్తసంబంధం ఎక్కడ కనిపించింది?

థామస్ తల్లిదండ్రులు దగ్గరి బంధువులని గారోడ్‌కు తెలిసింది. వాళ్ల తల్లులు అక్కాచెల్లెళ్లు. దాంతో ఇతర కేసుల్లోనూ విచారించడం మొదలుపెట్టాడు. అన్నదమ్ముల, అక్కాచెల్లెళ్ల పిల్లలు పెళ్లాడిన ఇళ్లలోనే ఈ జబ్బు మాటిమాటికీ కనిపించింది. తల్లిదండ్రులకు జబ్బు లేని కుటుంబాలను తీసుకుంటే, వాటిలో 60 శాతం ఇలాంటి దాయాది పెళ్లిళ్లేనని 1902 డిసెంబరులో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసంలో చెప్పాడు. అప్పటి ఇంగ్లండ్ మొత్తం మీద అలాంటి పెళ్లిళ్లు మహా అయితే 3 శాతం.

ఈ తేడాకు అర్థం చెప్పినవాడు కేంబ్రిడ్జ్‌కు చెందిన జీవశాస్త్రజ్ఞుడు విలియం బేట్సన్. బఠానీ మొక్కల మీద మెండెల్ చేసిన పని 35 ఏళ్లు మరుగున ఉండి 1900లో వెలుగులోకి వచ్చింది. ఆ సూత్రాలను ఇంగ్లండ్‌లో భుజానికెత్తుకున్నది బేట్సనే. గారోడ్ కేసులు చూడగానే, ఒక అరుదైన అంతర్గత లక్షణం బయటపడటానికి దగ్గరి బంధువుల పెళ్లి సరిగ్గా తగిన పరిస్థితి అని ఆయన గుర్తించాడు. మనిషి జబ్బును మెండెల్ సూత్రంతో ఇలా వివరించడం అదే మొదలు.

అంతర్గత లక్షణం అంటే? ప్రతి జన్యువుకూ మనలో రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కొన్ని జబ్బుల్లో ఒక కాపీ చెడినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటి మనిషికి ఏ లక్షణమూ ఉండదు. వైద్యులు వాళ్లను క్యారియర్లు అంటారు. ఇద్దరు క్యారియర్లకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు కాపీలూ చెడినవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మనందరిలోనూ ఇలాంటి చెడిన కాపీలు కొన్నుంటాయి. పెళ్లి చేసుకున్న ఇద్దరిలో ఒకే జన్యువు చెడి ఉన్నప్పుడే సమస్య.

లెక్క వేసి చూద్దాం

బావామరదళ్లు పెళ్లాడితే ఒకే తాత, ఒకే అవ్వ ఇద్దరికీ ఉంటారు. ఒకరికి అమ్మమ్మ, ఇంకొకరికి నానమ్మ. తాత దగ్గరున్న ఒక కాపీ ఒకవైపు నుంచి బిడ్డను చేరాలంటే మూడు మెట్లు దిగాలి. ఒక్కో మెట్టు దగ్గర అవకాశం సగం, అంటే మొత్తం 1/8. అదే కాపీ రెండోవైపు నుంచి కూడా చేరడం మరో 1/8. రెండూ జరిగే అవకాశం 1/64. తాతకు రెండు, అవ్వకు రెండు కలిపి నాలుగు కాపీలున్నాయి కాబట్టి 4/64, అంటే 1/16. బిడ్డలో ఏ జన్యువును తీసుకున్నా రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి అయ్యే అవకాశం ఇది. మేనమామను పెళ్లాడితే ఒక మెట్టు తగ్గుతుంది, అవకాశం 1/8 అవుతుంది.

ఇప్పుడు ఒక అరుదైన జబ్బును ఉదాహరణగా తీసుకుందాం. జనాభాలో ఆ జన్యువు కాపీల్లో 500కు ఒకటి చెడి ఉందనుకుందాం. బంధుత్వం లేని దంపతుల బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 2,50,000లో 1. బావామరదళ్ల బిడ్డకు దాదాపు 7,800లో 1. మేనమామ, మేనకోడలి బిడ్డకు సుమారు 4,000లో 1.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవాలి. మొదటిది: బావామరదళ్ల విషయంలో ముప్పు 30 రెట్లు దాటింది. రెండోది: అంత పెరిగినా 7,800 మందిలో 7,799 మంది పిల్లలకు ఆ జబ్బు లేదు. ‘‘మా ఇంట్లో ఎవరికేమైంది’’ అనే పెద్దావిడ అబద్ధం చెప్పడం లేదు. ఒక కుటుంబం అనుభవంలో ఇలాంటి ముప్పు కనిపించదు. అది లక్షల కుటుంబాల లెక్కలోనే బయటపడుతుంది.

గారోడ్ 60 శాతం ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఈ లెక్కే చెబుతుంది. పది లక్షల జంటలు, ఒక్కో జంటకు ఒక్కో బిడ్డ అనుకోండి. వాళ్లలో 3 శాతం, అంటే 30,000 జంటలు దాయాదులు. ఆ 30,000 మంది పిల్లల్లో జబ్బు వచ్చేది సుమారు నలుగురికి. మిగతా 9,70,000 మందిలోనూ సుమారు నలుగురికే. అంటే నూటికి మూడు పెళ్లిళ్ల నుంచి సగం కేసులు వస్తాయి. జబ్బు ఎంత అరుదైతే, రోగుల తల్లిదండ్రుల్లో బంధువుల వాటా అంత ఎక్కువ. అదే తలసేమియా (పుట్టుకతో వచ్చే ఒక రక్తపు జబ్బు) లాంటి జబ్బును, 50 కాపీల్లో ఒకటి చెడి ఉందనుకుని లెక్కిస్తే, బయటి సంబంధంలో 2,500కు 1, బావామరదళ్లకు సుమారు 615కు 1. ఇక్కడ పెరుగుదల నాలుగు రెట్లే. పైగా రోగుల్లో ఎక్కువమంది బయటి సంబంధాల పిల్లలే కావచ్చు. అందుకే ‘‘మాది మేనరికం కాదు, మాకు పరీక్ష అక్కర్లేదు’’ అనుకోవడం తలసేమియా విషయంలో పొరపాటు.

వరస వేరు, జన్యువు వేరు

థామస్ తల్లిదండ్రులు అక్కాచెల్లెళ్ల పిల్లలు. తెలుగు హిందూ కుటుంబాల్లో వాళ్లు అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి మాటే రాదు. మేనత్త కొడుకు, మేనమామ కూతురు మాత్రం పుట్టుకతోనే బావామరదళ్లు. ముస్లిం కుటుంబాల్లో రెండు రకాల పెళ్లిళ్లూ జరుగుతాయి. వరసలు మన సమాజం ఏర్పరచుకున్నవి, వాటి అవసరాలు వాటివి. జన్యువుల లెక్కలో మాత్రం పెద్దమ్మ కొడుకైనా, మేనమామ కొడుకైనా అదే 1/16. ‘‘మేనరికానికి ఏమీ కాదు, వరస తప్పితేనే దోషం’’ అన్న నమ్మకానికి ఇందులో ఆధారం లేదు.

రసాయనం ఎక్కడ ఆగింది?

వంశపారంపర్యం ఒక ఎత్తు. గారోడ్ అసలు గొప్పతనం ఆ తర్వాతి అడుగులో ఉంది. ఆల్కాప్టోన్యూరియా ఉన్నవాళ్లకు టైరోసిన్ ఇస్తే మూత్రంలో హోమోజెంటిసిక్ ఆమ్లం పెరుగుతుంది. ఆరోగ్యవంతులకు హోమోజెంటిసిక్ ఆమ్లాన్నే తినిపిస్తే అది ఒంట్లోనే విరిగిపోతుంది. అంటే అది అందరి శరీరంలోనూ దారిమధ్యలో తయారయ్యే మామూలు పదార్థమే. కాలువ మీద ఒక షట్టరు మూసుకుపోతే నీళ్లు దాని ఎగువన నిలిచినట్టు, ఒక మెట్టు దగ్గర పని ఆగిపోతే ఆ ముందు పదార్థం పేరుకుంటుంది. ఆ మెట్టును నడిపించే ప్రత్యేకమైన ఎంజైమ్ వీళ్లలో లోపించిందని భావించవచ్చని 1908లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఇచ్చిన క్రూనియన్ ఉపన్యాసాల్లో గారోడ్ చెప్పాడు. ఆల్కాప్టోన్యూరియాతో పాటు ఆల్బినిజం (ఒంటికి రంగు లేకపోవడం), సిస్టిన్యూరియా (సిస్టిన్ అనే ఎమైనో ఆమ్లం మూత్రంలో పోవడం), పెంటోసూరియా (ఒక రకం చక్కెర మూత్రంలో పోవడం)లను కూడా పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలుగా ఒకే గుంపులో చేర్చాడు. మరుసటి ఏడాది ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి.

ఆ ఊహ రుజువు కావడానికి 50 ఏళ్లు పట్టింది. ఆల్కాప్టోన్యూరియా రోగి కాలేయంలో ఆ ఎంజైమ్ పనిచేయడం లేదని అమెరికాలో బెర్ట్ లా డు బృందం 1958లో చూపించింది. మూడో క్రోమోజోమ్ మీది జన్యువు 1996లో దొరికింది.

గారోడ్ అన్నీ సరిగ్గా చెప్పలేదు. ఆల్కాప్టోన్యూరియా దాదాపు హాని లేనిదని అనుకున్నాడు. ఆ నల్లటి పదార్థం ఏళ్ల తరబడి మృదులాస్థిలో పేరుకుని, నడివయసు నాటికి వెన్నునూ మోకాళ్లనూ తీవ్రంగా దెబ్బతీస్తుందని తర్వాత స్పష్టమైంది. సిస్టిన్యూరియాలో ఎంజైమ్ లోపం లేదు. మూత్రపిండాల నాళికలు సిస్టిన్‌ను తిరిగి పీల్చుకోలేకపోవడమే అక్కడి కారణమని 1950లలో తేలింది.

ఆయన్ని నిజంగా ఎవరూ పట్టించుకోలేదా?

మెండెల్‌లాగే గారోడ్ కూడా కాలానికి ముందు పుట్టాడని, 1940ల దాకా ఎవరూ ఆయన్ని గుర్తించలేదని ఎక్కువగా చెబుతుంటారు. దీనికి ఆధారం ఉంది. ఒక జన్యువు ఒక ఎంజైమ్‌ను నియంత్రిస్తుందని జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టేటమ్ రొట్టె బూజు మీద 1941లో ప్రయోగాలతో చూపించారు. దానికి 1958లో నోబెల్ వచ్చింది. తాము కనుగొన్నదాని సారాన్ని గారోడ్ ఎన్నో ఏళ్ల ముందే చూశాడని బీడిల్ ఆ సందర్భంలో ఒప్పుకున్నాడు.

ఈ కథను పూర్తిగా ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు, వాళ్ల వాదనలోనూ బలముంది. బేట్సన్ తన పుస్తకంలో గారోడ్ పనిని చేర్చాడు. జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్‌కు ఆ పని బాగా తెలుసు. గారోడ్ పేరు లేని మనిషీ కాదు: 1910లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ఆ తర్వాత సర్ బిరుదు, 1920లో ప్రసిద్ధ వైద్యుడు విలియం ఆస్లర్ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో రీజియస్ ప్రొఫెసర్ పదవి వచ్చాయి. పైగా ‘ఒక జన్యువు – ఒక ఎంజైమ్’ అన్న సూత్రాన్ని ఆయన ఆ మాటల్లో ఎన్నడూ చెప్పలేదు. తర్వాతి జ్ఞానాన్ని వెనక్కి తీసుకెళ్లి ఆయన నోట పెడుతున్నామన్న అభ్యంతరం న్యాయమైనదే.

నాకు తోచేది ఇది: ఆయన పేరు అందరికీ తెలుసు, ఆయన పని ఎవరికీ సొంతం కాలేదు. డాక్టర్లకు అవి ఎప్పుడో గానీ కనిపించని జబ్బులు. జన్యుశాస్త్రజ్ఞులు ఈగలతో, మొక్కజొన్నతో తీరిక లేకుండా ఉన్నారు. రసాయన శాస్త్రజ్ఞులకు వంశవృక్షాలతో పని లేదు. మూడు శాఖలూ కలిసే చోట ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. మొదటి ప్రపంచయుద్ధం ఆయన ఇంటినీ కూల్చింది. ఇద్దరు కొడుకులు యుద్ధంలో చనిపోయారు. మూడోవాడు 1919లో ఇన్‌ఫ్లుయెంజాతో పోయాడు. మిగిలిన కూతురు డోరతీ గారోడ్ పురావస్తు శాస్త్రవేత్త. కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్ పదవి పొందిన మొదటి మహిళ ఆమే. అది చూడకుండానే, 1936లో, గారోడ్ కన్నుమూశాడు.

మన దగ్గర మేనరికాల చర్చ

తెలుగు నేల మీద ఈ ప్రశ్నను శాస్త్రీయంగా మొదట పట్టుకున్నవాళ్లలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. భారతదేశానికి వచ్చి స్థిరపడిన హాల్డేన్ శిష్యుడాయన. ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అన్న విషయం మీద మీరా ఖాన్‌తో కలిసి 1963లో పరిశోధన ప్రచురించారు.

ఆ తర్వాత వచ్చిన ఫలితాలు ఒకే దిక్కు చూపించలేదు. 1970లలో తమిళనాడులో వెల్లూరు పరిశోధకులు వేల కుటుంబాలను చూసి, మేనరికపు పిల్లల్లోనూ ఇతర పిల్లల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదన్నారు. శతాబ్దాలుగా మేనరికాలు చేసుకుంటున్న సమాజంలో చెడ్డ జన్యువులు ఎప్పటికప్పుడు బయటపడి, కాలక్రమంలో ఏరివేతకు గురై ఉంటాయని ఒక వివరణ వచ్చింది. వినడానికి బాగుంటుంది గానీ, జన్యువుల్లో కొత్త మార్పులు ప్రతి తరంలోనూ పుడుతూనే ఉంటాయి. ఇతర అధ్యయనాల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, శిశుమరణాలు మేనరికాల్లో ఎక్కువగానే కనిపించాయి. అమెరికాలోని జెనెటిక్ కౌన్సెలర్లు 2002లో వేసిన అంచనా ప్రకారం, దాయాదుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే పెద్ద లోపాల ముప్పు, మామూలుగా అందరికీ ఉండే శాతానికి అదనంగా మరో 1.7 నుంచి 2.8 శాతం ఉంటుంది. తరతరాలుగా మేనరికాలు సాగిన ఇళ్లలో, మేనమామ పెళ్లిళ్లలో ఇది పెరుగుతుంది.

మరో పక్క వాదనా వినాలి. మేనత్త ఇంటికి కోడలిగా వెళ్లిన పిల్లకు ఆదరణ దొరుకుతుందని, కట్నం బరువు తగ్గుతుందని, ఆస్తి చెదరదని తల్లిదండ్రులు చెప్పే కారణాలు కల్పితాలు కావు. ఆ లాభాలు పెళ్లయిన రోజు నుంచే కనిపిస్తాయి. నష్టం మాత్రం కొద్దిమంది ఇళ్లలోనే పడుతుంది, పడిన ఇంట్లో మోయలేనంతగా పడుతుంది. నా దృష్టిలో డాక్టరు ప్రశ్న అవసరం ఇక్కడే. జవాబు ‘అవును’ అయితే వెతకాల్సినది రెండు కాపీలూ చెడితేనే వచ్చే అంతర్గత జబ్బుల వైపు అని తెలుస్తుంది, ఏ పరీక్ష ముందు చేయాలో తెలుస్తుంది, తర్వాతి కాన్పుకు నాలుగింట ఒక వంతు ముప్పు ఉందా లేదా అన్నది తేల్చవచ్చు.

మేనరికం లేకపోయినా

ఇంకొక చిక్కుంది. చుట్టరికం లేకపోయినా ఒకే కులంలో వందల ఏళ్లుగా పెళ్లిళ్లు జరిగితే, ఆ సమూహం మొదట్లో కొద్దిమంది పూర్వీకులతో మొదలై ఉంటే, ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న చెడిన కాపీ ఇప్పుడు వేలమందిలో ఉంటుంది. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం చాలా బలంగా ఉందని తేల్చింది.

ఆ చర్చలో తరచూ వచ్చే ఉదాహరణ వైశ్యులది. ఆపరేషన్ ముందు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరగ్గొడుతుంది. వైశ్యుల్లో కొందరికి ఆ ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. జీవితమంతా వాళ్లకు ఏ ఇబ్బందీ తెలియదు. మందు ఇచ్చిన రోజున మాత్రం దాని ప్రభావం గంటల తరబడి పోదు, సొంతంగా ఊపిరి తీసుకునేదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు. మనుషులంతా రసాయనికంగా ఒక్కలా ఉండరని, మందులు కొందరికి పడకపోవడం కూడా ఈ కోవలోనిదేనని గారోడ్ 1902 నాటి వ్యాసంలోనే రాశాడు.